వంటవాళ్లు రాని పెళ్లి

ఈ సంచికకు నాయకత్వం మీద రాయమంటే, వచ్చిన వ్యాసాల్లో సగం ఉపన్యాసకళ గురించే. మైకు ముందు నిలబడడం వస్తే నాయకుడైపోతాడని మనవాళ్ల నమ్మకం కాబోలు.

మైకు లేని నాయకత్వం ఎలా ఉంటుందో చూడండి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించారు. ఊరు కన్నెర్రజేసింది. వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే బిందె తీసుకుని గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చారు, వండి వడ్డించారు. పంతులుగారికి విగ్రహాలున్నాయి, ఆ బిందె మోసినామె పేరు ఎందరికి తెలుసు?

పంతులుగారు కూడా రాత్రికి రాత్రి నాయకుడు కాలేదు. 1874లోనే ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు, ‘వివేకవర్ధని’ పత్రిక మొదలెట్టారు. తిట్లు తిన్నారు, వాదించారు, కష్టంలో ఎవరు నిలబడతారో ఎవరు జారుకుంటారో కనిపెట్టారు. కాకినాడ పైడా రామకృష్ణయ్యగారి ధనసాయం, విద్యార్థుల అండ అలా కూడబెట్టుకున్నవే.

అందుకే ఈసారి వేదికల మీది వాళ్లను కాస్త పక్కన పెట్టాం. శివారు పొలాలకు వంతు నీరు అందేదాకా కాలవ గట్టు దిగని రైతులూ, పొదుపు సంఘం లెక్కలు నిక్కచ్చిగా చూసే ఆడవాళ్లూ ఈ పేజీల్లో మాట్లాడతారు. ఉపన్యాసకళ వ్యాసాలు పంపినవారు మన్నించాలి.