నీళ్లొచ్చాయి, లెక్క రావాలి

ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ మంత్రి గారికి,

మల్యాల దగ్గర ఎత్తిపోసిన శ్రీశైలం నీళ్లు లిఫ్టు తర్వాత లిఫ్టు ఎక్కి జీడిపల్లి రిజర్వాయరుకు చేరుతున్నాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం సీమకు ఇది చిన్న మేలు కాదు. ఈ హంద్రీ-నీవా కాలువ కోసం ఎన్నేళ్లు పోరాడామో మీకు తెలుసు. ఇప్పుడు అడుగుతున్నది వచ్చిన నీటి సంగతి.

హంద్రీ-నీవా లక్ష్యం 40 టీఎంసీలతో 6,02,500 ఎకరాలు. భాగించి చూస్తే ఎకరాకు ఒకటిన్నర అడుగు నీరు. ఆవిరయ్యేది, ఇంకేది, తాగడానికి ఇచ్చేది పోతే అదీ మిగలదు. వరికి నాలుగడుగుల దాకా కావాలి. అంటే ఈ నీటిని మడికట్టి పారిస్తే ఆయకట్టు కాగితం మీదే ఉంటుంది. ఈ లెక్క తెలిసి కూడా కోస్తా డెల్టాలో తవ్వినట్టే ఇక్కడా మట్టి పిల్లకాలువలు తవ్వాలనుకోవడం సరికాదు. ప్రధాన కాలువ పారుతున్నా పిల్లకాలువలు పూర్తికాని చోట్ల, గట్టుమీద మోటారు పెట్టుకోగలిగినవాడికే నీళ్లు. రెండు మైళ్ల అవతల మెట్ట రైతు కాలువను చూసి పోవడమే.

అందుకే మిగిలిన పనుల్లో పిల్లకాలువల బదులు భూమిలో పైపులు వేయండి. శ్రీశైలానికి వరదొచ్చే రోజుల్లో ముందుగా ఊరి చెరువులు నింపండి. చెరువు నుంచి పైపు, పైపు నుంచి డ్రిప్పు. ప్రధాన కాలువకు లైనింగ్ వేస్తే ఊట ఆగి తమ బోర్లు ఎండుతాయని కాలువ పక్క రైతులు భయపడుతున్నారు. ఆ భయాన్ని అభివృద్ధికి అడ్డుగా చూడకండి. కాలువలో ఊట ఆగే చోట చెరువులో ఊట ఇవ్వాలి. చెరువు నిండి మరవ పారిన ఏడాది చుట్టూ బోర్లలో నీళ్లు ఎలా పైకొస్తాయో ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు.

డ్రిప్పు గురించి కూడా ఒక మాట. 2003లో మొదలైన సూక్ష్మసేద్య పథకం ఈ జిల్లాలో చీనీ తోటలను నిలబెట్టింది, అందులో సందేహం లేదు. కానీ నాలుగైదేళ్లు వాడిన తోటలోకి వెళ్లి చూడండి. బోరునీళ్ల ఉప్పు పట్టి డ్రిప్పర్ల మూతి తెల్లగా గట్టిపడి ఉంటుంది. ఒక చెట్టు కింద తడి, పక్క చెట్టు కింద పొడి మట్టి. ఉడతలు, ఎలుకలు కొరికిన లేటరల్‌కు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంటుంది. ఫిల్టరు విప్పి కడగాలని, యాసిడ్ పట్టించాలని కొత్తగా బిగించిన రోజు చెబుతారు, ఆ తర్వాత అడిగే నాథుడుండడు. సబ్సిడీ పరికరానికి ఉంది, మరమ్మతుకు లేదు. మండలానికొక మరమ్మతు కేంద్రం, చదువుకున్న ఊరి కుర్రాళ్లకు శిక్షణ కావాలి.

మరమ్మతుకన్నా పెద్ద లోపం ఇంకొకటుంది. డ్రిప్పుతో మిగిలిన నీటితో మరో రెండెకరాలు పెడతాం. పక్కవాడూ అంతే. కరెంటు ఉచితం కాబట్టి మోటారు ఆగదు. నీరు ఆదా అయినట్టే కనిపిస్తుంది, భూగర్భ జలం మాత్రం కిందికే పోతుంది. దీనికి రైతును తిట్టి లాభం లేదు. భూగర్భ జలాల వాడకాన్ని అదుపు చేయడానికి 2002లోనే వాల్టా చట్టం వచ్చింది, అయినా బోర్లు వెయ్యడుగులు దాటాయి.

దారి చూపిన పని ఇక్కడే జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే వానమాపకం చూశారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీరెంత, ఏ పంట ఎంత తాగుతుందో లెక్క కట్టారు. ఎవరినీ బలవంతపెట్టలేదు. లెక్క కళ్లెదుట ఉంటే వరి మానేసి తక్కువ నీటి పంటకు వెళ్లినవాళ్లున్నారు. ఆ ప్రాజెక్టు గడువు ముగిసింది, ప్రభుత్వం దాన్ని తన పనిగా చేసుకోలేదు.

2024 డిసెంబరులో నీటి సంఘాలకు ఎన్నికలు జరిపారు. ఆ సంఘాల చేతికి గట్టు మరమ్మతులే కాకుండా ఈ లెక్క కూడా అప్పగించండి. ప్రతి తూము దగ్గర కొలత పరికరం పెట్టించండి. ఏ చెరువుకు ఏ తేదీన ఎంత నీరు వదిలారో పంచాయతీ గోడమీద రాయించండి. వచ్చే రబీ మొదలయ్యేలోపు కనీసం జీడిపల్లి కింది ఊళ్లలోనైనా ఈ పని ప్రారంభించమని కోరుతున్నాను.

ఇట్లు,
అనంతపురం జిల్లా రైతు