వాయిదాలకి యాప్ మందు కాదు

కోర్టుల ఆలస్యం గురించి మాటొస్తే చాలు, మన సాఫ్ట్‌వేర్ వాళ్ళందరిదీ ఒకటే పాట: "అంతా ఆన్‌లైన్ చేసి పారేస్తే సరి!" ఇప్పుడు దానికి ఏఐ కూడా తోడయ్యింది. వాయిదా తారీఖు ఫోన్‌లోనే తెలుస్తోంది, మంచిదే. కానీ తారీఖు తెలియడం వేరు, వాయిదా పడకపోవడం వేరు కదండీ!

అసలు డిజైన్ ఎప్పుడో తయారైంది. చేసింది మన తెలుగాయనే, జస్టిస్ ఎం. జగన్నాధరావు గారు. 1997 నుంచి 2000 దాకా సుప్రీంకోర్టు జడ్జి, ఆ తర్వాత లా కమిషన్ ఛైర్మన్. సివిల్ ప్రొసీజర్ కోడ్ సవరణల అమలుపై సుప్రీంకోర్టు 2002లో, సేలం బార్ అసోసియేషన్ కేసులో, ఆయన అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ మధ్యవర్తిత్వానికి నమూనా రూల్స్ రాసింది. దావాలని ట్రాకులుగా విడదీసింది. ప్రతివాది హాజరైన దగ్గర్నుంచి లెక్కేసి మనోవర్తి లాంటివి 9 నెలల్లో, డబ్బు దావాలు 12 నెలల్లో, ఆస్తి పంపకాలు 24 నెలల్లో తేలాలంది. మన భాషలో చెప్పాలంటే ప్రయారిటీ క్యూ, ఎస్ఎల్ఏ.

మరి ఏమైంది? సవరణల్లో జవాబు దావాకి గడువు 30 రోజులు, మహా అయితే 90. వాయిదాలు మూడుకి మించకూడదు. అదే కేసులో 2005లో సుప్రీంకోర్టు 90 రోజుల గడువు తప్పనిసరి కాదంది, అసాధారణ పరిస్థితుల్లో మూడు దాటినా వాయిదా ఇవ్వచ్చంది. రూల్ కోసం న్యాయాన్ని బలిపెట్టకూడదన్న వాదన నాకూ సబబే. కానీ మన కోర్టుల్లో మినహాయింపే డిఫాల్టు అయి కూర్చుంది. టైమవుట్ పెట్టి, అది దాటితే ఉత్త వార్నింగ్ ఇచ్చే కోడ్‌ని మీరు రివ్యూలో పాస్ చేస్తారా?

2015 కమర్షియల్ కోర్టుల చట్టం మాత్రం 120 రోజులు దాటితే జవాబు దావా వేసే హక్కే పోతుందంది. అంటే కంపెనీల తగాదాకి గట్టి గడువు, మీ నాన్నగారి పొలం తగాదాకి మెత్త గడువు. ఇదేం న్యాయం?

ఆయన అక్కడితో ఆగలేదు. కొత్త చట్టం చేసేముందు దానివల్ల కోర్టుల మీద ఎంత బరువు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టాలని ఆయన నేతృత్వంలోని టాస్క్‌ఫోర్స్ 2008లో చెప్పింది. శుద్ధ కెపాసిటీ ప్లానింగ్! ఆ లెక్క లేకపోతే ఏమవుతుందో చెక్ బౌన్స్ కేసులే సాక్ష్యం: 2019 డిసెంబరు 31 నాటికి పెండింగ్‌లో ఉన్నవి 35.16 లక్షలు. సర్వర్లు పెంచకుండా లోడు పెంచితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కాబట్టి ఈసారి ఎవరైనా కోర్టులకి కొత్త యాప్ అంటే చప్పట్లు కొట్టేముందు రెండు ప్రశ్నలడగండి. గడువు దాటితే ఎవరికి నష్టం? జడ్జీలు ఎంతమంది పెరుగుతున్నారు? ఈ రెండిటికీ జవాబు లేని యాప్ చేసేది ఒక్కటే... వాయిదాని మరింత అందంగా చూపించడం.