కథకో లేబుల్, యంత్రానికో లేబుల్

మన వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడప్పుడూ ఆ ఫార్వర్డ్ తిరుగుతూనే ఉంటుంది: పుష్పక విమానం నిజంగానే ఎగిరింది, ఆ టెక్నాలజీని ఎవరో ఎత్తుకుపోయారు అని. వెంటనే రెండు గ్యాంగులు తయారవుతాయి. ఒకటి చప్పట్లు కొడుతుంది. ఇంకోటి "పురాణాలన్నీ ట్రాష్" అంటుంది. నాకు రెండూ నచ్చవు. కథను కథగా చదివే ఓపిక ఇద్దరికీ లేదు.

ఈ విషయంలో నాకు నచ్చిన మనిషి శ్రీరాముల రాజేశ్వర శర్మ గారు. తెలుగాయన, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో సంస్కృతం ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఉద్యోగం ప్రకారం మ్యూజియం క్యూరేటర్ కాదు. కానీ క్యూరేటర్లు చేసే పనే దశాబ్దాల పాటు చేశారు. బీరువాల్లో మూలన పడి ఉన్న పాత ఖగోళ యంత్రాలను ఒక్కొక్కటే చూసి, కొలిచి, వాటి మీద చెక్కిన అక్షరాలు చదివి, కేటలాగ్ రాశారు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని యంత్రాల మీద 1996లో, రాంపూర్ రజా లైబ్రరీలో ఉన్నవాటి మీద 2003లో పుస్తకాలు వచ్చాయి. ఆ తర్వాత మొత్తం భారతీయ ఖగోళ యంత్రాలకే వేల పేజీల కేటలాగ్ తయారుచేసి ఆన్‌లైన్‌లో ఫ్రీగా పెట్టేశారు. మన ఓపెన్ సోర్స్ బ్యాచ్ ఇది గమనించాలి.

ఆ యంత్రాల్లో నాకు బాగా ఎక్కింది ఆస్ట్రోలేబ్. ఫిలిప్ పుల్మన్ నవలల్లో అలెథియోమీటర్ గురించి చదివినవాళ్లు దీన్ని చూస్తే అదే గుర్తొస్తుంది. అరచేతిలో పట్టే ఇత్తడి పళ్లెం, పైన ఒక రింగు. రింగు పట్టుకుని వేలాడదీసి, వెనక ఉన్న పుల్లతో సూర్యుడి ఎత్తు కొలిచి, ముందున్న జల్లెడ లాంటి నక్షత్రాల చక్రం తిప్పితే టైమ్ తెలుస్తుంది. లోపల మార్చుకునే ప్లేట్లు ఉంటాయి, ఒక్కో అక్షాంశానికి ఒకటి. అంటే ఊరు మారితే కాన్ఫిగ్ ఫైల్ మార్చుకోవాలన్నమాట! ఇంకో మంచి సంగతి ఉంది. నక్షత్రాల స్థానాలు దాదాపు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతాయి. కాబట్టి చక్రం మీది ముళ్లు ఎక్కడున్నాయో కొలిస్తే ఆ వస్తువు వయసు అంచనా వేయొచ్చు. ఎవరైనా ఇది వెయ్యేళ్లనాటిది అని గొప్పలు పోతే ఇత్తడే సమాధానం చెప్తుంది.

ఇది మనదా, వాళ్లదా? గ్రీకుల దగ్గర పుట్టి, అరబ్బు, పారశీక పండితుల చేతుల మీదుగా మన దగ్గరికి వచ్చింది. ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో మహేంద్ర సూరి అనే జైన పండితుడు 1370లో దీని మీద సంస్కృతంలో గ్రంథం రాశాడు. పేరు "యంత్రరాజం". బయటి నుంచి వచ్చినదాన్ని యంత్రాలకే రాజు అన్నాడు! ఆయనకు లేని నామోషీ మనకెందుకో నాకర్థం కాదు.

యూరప్‌లో కూడా కథా సైన్సూ పక్కపక్కనే పెరిగాయి. కెప్లర్ అనగానే మనకు గ్రహాల కక్ష్యల సూత్రాలే గుర్తొస్తాయి, అవీ ఎగ్జామ్ కోసం. ఆయన "సోమ్నియం" అని చంద్రుడి మీదికి వెళ్లే కథ కూడా రాశాడు. అందులో తీసుకెళ్లేది రాకెట్ కాదు, మంత్రాలు తెలిసిన ఒక తల్లి పిలిచిన భూతం. అసలు జీవితంలో కెప్లర్ తల్లి మీదే మంత్రగత్తె అని 1615లో నింద పడింది. 1621లో గానీ ఆమె బయటపడలేదు. కథ 1634లో, కెప్లర్ పోయాక అచ్చయింది. దానికి ఆయనే 223 నోట్స్ రాసిపెట్టాడు, కథ కంటే అవే పొడుగు. భూతం పైన ఉంటుంది, లెక్కలు కింద ఉంటాయి. ఒకదాన్ని ఇంకోదానిలో కలిపేయలేదు.

అంతకు ముందే, 16వ శతాబ్దంలో, మన పింగళి సూరన "కళాపూర్ణోదయం" రాశాడు. అందులో బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో చెప్పిన కథ భూమ్మీద నిజంగా జరిగిపోతుంది. ఇంత మంచి ఫ్యాంటసీని టెక్నాలజీ అని నిరూపించాల్సిన అవసరం ఏముంది?

ఇక మా గుర్రంకొండ. కొండ మీద ఒక గుర్రం కాపలా ఉండేదని, అది ఉన్నన్ని రోజులు కోట ఎవరికీ దక్కదని కథ. ఒక మరాఠా నాయకుడు కొండ ఎక్కి గుర్రాన్ని దొంగిలించాడు. కిందికి దిగేలోపే దొరికిపోయాడు, కానీ మహిమ అప్పటికే పోయింది. ఇంగ్లీషు వాళ్ల ఇంపీరియల్ గెజిటీర్‌లో కూడా ఇది ఉంది, కథ అనే పేరుతోనే. మా అవ్వ చెప్పే గుర్రానికైతే రెక్కలు కూడా ఉన్నాయి. గెజిటీర్ గుర్రానికి లేవు.

చరిత్ర వేరే ఉంది. 1791లో నిజాం సైన్యం ఇంగ్లీషు వాళ్ల ఫిరంగులతో ఈ కోటను ముట్టడించింది. కింద రంగీన్ మహల్ ఇప్పటికీ నిలబడి ఉంది.

రీల్స్‌లో మాత్రం రెండూ కలిసిపోయి, "కోట రహస్యం, సైన్స్‌కు కూడా అంతుచిక్కలేదు" అని వస్తోంది. పది మంది అవ్వలను కూర్చోబెట్టి కథను ఎన్ని రకాలుగా చెప్తారో రికార్డ్ చేసేవాళ్లు లేరు. గోడల మీది ఫిరంగి దెబ్బలను వెతికి, ఫోటో తీసి, కొలిచి రాసుకునేవాళ్లు కూడా నాకు కనపడలేదు. మన క్లబ్బులో ఫోన్ లేనివాళ్లు లేరు. సెమిస్టర్ సెలవుల్లో మదనపల్లె నుంచి బస్సెక్కితే చాలు. ఒక షీట్‌లో గుర్రం, ఒక షీట్‌లో గోడలు. ఎవరు చెప్పారు, ఏ రోజు, ఎక్కడ అనే కాలమ్స్ రెండింటికీ ఉండాలి. మా అవ్వ చెప్పిన రెక్కలు మొదటి షీట్‌లోకే వెళ్తాయి, తీసేయడానికి ఒప్పుకోను.