యుగంధర్‌ను మద్రాసు నుంచి ఖాళీ చేయించకండి

కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను వెండితెరపై చూడాలన్న కోరిక నాకు బడిరోజుల నుంచి ఉన్నది. 1979లో ఎన్.టి.రామారావు కథానాయకుడిగా ‘యుగంధర్’ వచ్చింది గాని, అది హిందీ ‘డాన్’కు తెలుగు రూపం, మన డిటెక్టివ్‌తో దానికి పేరు తప్ప మరే చుట్టరికమూ లేదు. పత్తేదారు నవలను తెరకెక్కించడం మనవారికి చేతకాదనీ అనలేము. మల్లాది వెంకట కృష్ణమూర్తి ‘చంటబ్బాయ్’ని జంధ్యాల 1986లో చిరంజీవితో తీసి నవ్వించారు. రేపెవరైనా యుగంధర్‌కు పూనుకొంటే సంతోషమే. కాని ఒక్క మాట ముందే చెప్పాలి: ఆయనను హైదరాబాదుకు మార్చరాదు.

యుగంధర్ మద్రాసువాడు. 1953లో ఆంధ్రరాష్ట్రం మద్రాసు లేకుండానే ఏర్పడింది. ఆ తరువాత కూడా యుగంధర్, ఆయన సహాయకుడు రాజు ఆ నగరంలోనే ఉండి, తెలుగులోనే ఆలోచించి, హంతకులను పట్టుకొన్నారు. హద్దుకు ఆవల ఉన్న తెలుగువాడు చుట్టపుచూపుగా వచ్చినవాడు కాడని, ఆ నగరపు సందుగొందులెరిగిన గృహస్థుడని ఆ నవలలు చెప్పకనే చెప్పాయి. కోలారు, పావగడ, బళ్ళారి, హోసూరు కుటుంబాలకు ఇది చిన్న విషయమా?

‘ప్రేక్షకుడికి దగ్గరగా ఉండాలి గదా’ అంటారు. ఏ ప్రేక్షకుడికి? బెంగళూరులో టిక్కెట్టు కొనేటప్పుడు మనమూ ప్రేక్షకులమే. కథలో మాత్రం మనకు చోటుండదు. ఉన్నా, యాసతో నవ్వించడానికే.

బెంగాలీలను చూడండి. సత్యజిత్ రాయ్ తన ఫెలూదాను 1974లో ‘సోనార్ కెల్లా’ కోసం జైసల్మేరు దాకా తీసుకువెళ్ళారు; ఫెలూదా బెంగాలీతనం చెక్కుచెదరలేదు. 2015 నాటి హిందీ చిత్రం బ్యోమకేశ్ బక్షీ కోసం 1943 నాటి కలకత్తా వీధులను శ్రద్ధగా నిలబెట్టింది, కాని ఆ వీధులలో ఆయన హిందీ మాట్లాడాడు. అక్కడ ఊరు దక్కింది, భాష పోయింది. మనవాళ్ళు భాష ఉంచి ఊరు తీసేస్తారేమోనని నా భయం.

కాపీరైటు చట్టం 57వ సెక్షను, రచయిత ప్రతిష్ఠకు భంగం కలిగేలా కృతిని వికృతం చేయరాదంటుంది. మన్నూ భండారీ తన నవల ‘ఆప్‌కా బంటీ’ ఆధారంగా తీసిన చిత్రంపై ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళినప్పుడు, మాధ్యమం మారితే కొన్ని మార్పులు తప్పవని, అయితే నవల స్వరూపమే మారిపోరాదని 1986లో న్యాయస్థానం చెప్పింది. ఆ రక్షణ రచయితకు, వారసులకు. పాఠకులకు దావా వేసే హక్కు లేదు. అడిగే నోరు ఉన్నది. కొమ్మూరి 1994లో మరణించారు. ఆయన రచనలపై కాపీరైటు 2054 చివరి వరకు ఉంటుంది గనుక అనుమతి లేకుండా ఎవరూ సినిమా తీయలేరు. ఆ ఒప్పందపత్రంలో ‘కథాస్థలం మద్రాసు’ అన్న ఒక్క పంక్తి చేర్చమని హక్కుదారులకు మనం ఇప్పుడే ఉత్తరాలు వ్రాయాలి.