తెరమీది ముగ్గు

తెలుగునాట ఇల్లు కట్టదలచినవారు మొదట చేయు పని ముగ్గు పోయుట. పునాది త్రవ్వుటకు ముందే మేస్త్రి త్రాడు లాగి, నేలమీద సున్నముతో గీతలు వేయును. ఇంటివారందరును ఆ గీతల నడుమ నిలిచి, ఇది వంటిల్లు, ఇది పడకటిల్లు, ఇది పంచ అని చూచుకొందురు. గది ఇరుకైనదని ఇల్లాలికి తోచినచో గీతను చెరిపి జరుపుట క్షణములో పని. గోడ లేచిన పిమ్మట అదే మార్పునకు వేల రూపాయలు వ్యయమగును. తప్పును చౌకగా దిద్దుకొను అవకాశమునిచ్చుటయే ముగ్గు యొక్క గొప్పతనము.

ఈ ముగ్గు నేడు కంప్యూటరు తెరమీదికి వచ్చినది. కొలతలిచ్చినచో గోడలు గీచి, తలుపులు, కిటికీలు అమర్చి, కట్టని ఇంటిని కట్టినట్లు చూపు సాఫ్టువేరులు అనేకములు కలవు. 2000 సంవత్సరమున వెలువడిన స్కెచప్, ఉచితముగా లభించు స్వీట్ హోమ్ త్రీడీ అట్టివి. వీనిలో సులభమైనది ఏది అని అడిగినచో, త్వరగా అందమైన బొమ్మను చూపునదే సులభమని పలువురు చెప్పుదురు. ఈ సమాధానము సరికాదు. ఏ బొమ్మను చూచి ఇంటిలో నివసింపబోవువారు తమ యిల్లును గుర్తింపగలరో, తప్పును పట్టి దిద్దింపగలరో, ఆ బొమ్మను గీయునదే నిజముగా సులభమైన సాధనము. ఈ మాటలోని నిజము పట్టణములలోకన్న కొండలలో తేటగా కానవచ్చును.

తూర్పు కనుమలలో సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున అరకులోయ యున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అది యొక భాగము. చుట్టునున్న పల్లెలలో బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జలు, గదబలు, ఖోందులు మొదలగువారు నివసించుచున్నారు. ఇచ్చట వానలు మెండు. శీతకాలమున ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పోవుట సామాన్యము. కావుననే పూర్వులు మట్టిగోడలు లేపి, చూరును క్రిందికి దించి, ముందు అరుగు వేసి, పైన ధాన్యమునకు అటక కట్టిరి. గదబలు ఒకప్పుడు గుండ్రని ఇండ్లు కట్టుకొనెడివారు.

ఇట్టి పల్లెలలో నేడు ప్రభుత్వ సహాయముతో పక్కా ఇండ్లు లేచుచున్నవి. 2016లో ఆరంభమైన గ్రామీణ ఆవాస పథకము ఇంటి కనీస వైశాల్యమును 25 చదరపు మీటర్లుగా నిర్ణయించినది. వంటచోటు కూడ అందులోనిదే. మిక్కిలి వెనుకబడిన ఆదిమ తెగల కొరకు 2023 నవంబరు 15న ప్రారంభమైన జన్‌మన్ పథకములో ఇంటికి రెండు లక్షల రూపాయలు కేటాయించిరి. ఒక కుటుంబము తన జీవితములో ఇట్టి ఇల్లు కట్టుట సాధారణముగా ఒక్కమారే. సిమెంటు గట్టిపడిన పిదప పశ్చాత్తాపము వలన ఫలము లేదు.

ఇంత చిన్న ఇంటికి కంప్యూటరు ఎందుకు, ఇంజనీరు ఇచ్చిన నమూనా చాలదా అని కొందరు అడుగవచ్చును. ఇల్లు ఎంత చిన్నదో తప్పునకు వెల అంత ఎక్కువ. పది గదుల భవనములో ఒక మూల వృథా అయినను ఎవరికిని లోటు లేదు. 25 చదరపు మీటర్లలో తలుపు ఒక అడుగు ప్రక్కకు పోయినచో మంచము పట్టదు. నమూనా అందరికిని ఒక్కటియే. కుటుంబములు మాత్రము ఒక్క తీరున ఉండవు. ఒక యింట ముసలివారుందురు, మరియొక యింట మేకలుండును, వేరొక యింట పంట నిలువ చేయవలసి యుండును.

ఈ వైశాల్యమును ఎనిమిదవ తరగతి లెక్కలతోనే పరీక్షింపవచ్చును. 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల చదరపు ఇంటికి చుట్టుగోడ 20 మీటర్లు. అదే వైశాల్యమును 10 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పుతో కట్టినచో గోడ 25 మీటర్లగును. గుండ్రముగా కట్టినచో 18 మీటర్లకు లోపుననే ముగియును. గదబల గుండ్రని ఇల్లు తక్కువ గోడతో ఎక్కువ చోటునిచ్చునని లెక్కయే చెప్పుచున్నది. మరియు వెలుపల 5 మీటర్లున్న చదరపు ఇంటికి 23 సెంటీమీటర్ల మందపు గోడలు లేపినచో లోపల మిగులునది 21 చదరపు మీటర్ల కంటెను తక్కువ. రెండు మంచములు వేయదగిన చోటును గోడలే మ్రింగివేయును!

కావున సాధనమును ఎన్నుకొనువారు మొదట చూడవలసినది గోడ మందమును అది లెక్కించునా లేదా అనునది. సన్నని గీతలను గోడలుగా చూపు బొమ్మ, లేని చోటును ఉన్నట్లు భ్రమింపజేయును. రెండవది, ఇంటర్నెట్టు లేకున్నను అది పని చేయవలెను. కొండపల్లెలలో సంకేతము అందని చోట్లు ఇంకను కలవు. మూడవది, మేస్త్రి అడుగులలో అడిగినను, ఇంజనీరు మీటర్లలో అడిగినను కొలత చెప్పగలగవలెను. నాల్గవది, గీచిన పటమును సరియైన ప్రమాణముతో కాగితముపై ముద్రింపగలగవలెను. స్వీట్ హోమ్ త్రీడీ వంటి ఉచిత సాధనము ఈ నాలుగు పనులను చేయగలదు. వెల పెట్టి కొన్న సాధనము వీనిలో ఒక్కటి చేయకున్నను, ఈ కార్యమునకు అది తగదు.

అయినను ఏ సాధనమైనను గ్రుడ్డిగా నమ్మదగినది కాదు. వీని వస్తువుల పట్టికలలో సోఫాలు, భోజనపు బల్లలు కోకొల్లలు. కట్టెల పొయ్యి, ధాన్యపు గాదె, రోలు అరుదు. ఉన్న వస్తువులతోనే ఇల్లు నింపినచో పట్టణపు ఇల్లు కొండమీద వెలయును; కొండవాని సామాను వాకిటనే తడియును. గాదె కొలతలు తీసికొని, వానితో ఒక పెట్టెను గీచి లోపల నుంచిన చాలును. పొయ్యి సంగతి మరింత ముఖ్యము. పొగ అటకమీది విత్తనములకు పురుగు పట్టనీయదు. కాని అదే పొగ తల్లుల కన్నులకును ఊపిరితిత్తులకును హాని చేయును. పొయ్యి ఎచట నుండవలెను, పొగ ఏ దారిని పోవలెను అనునది గోడలు గీయుటకు ముందే నిర్ణయింపవలసిన విషయము.

తెరమీద నేల సాధారణముగా సమతలమే; కొండమీది నేల అట్టిది కాదు. 5 మీటర్లలో ఒక మీటరు వాలుచున్న చోట, పల్లపు వైపున పునాదిని అంత ఎత్తు లేపవలెను. సన్నని పారదర్శకపు గొట్టములో నీరు పోసి, రెండు కొనలయందును నీటిమట్టము చూచి మేస్త్రులు ఈ వాలును కొలుచుచుందురు. ఆ కొలత లేని పటము ఎంత సుందరమైనను అసంపూర్ణమే.

బ్రిటనులో జన్మించి భారతీయుడైన వాస్తుశిల్పి లారీ బేకరు (1917–2007) హిమాలయములలోని పితోర్‌గఢ్ ప్రాంతమున ఏండ్ల తరబడి నివసించి, అచ్చటి పల్లెవారి ఇండ్లనుండి పాఠములు నేర్చెను. రాతిని, మట్టిని, వాతావరణమును ఎరిగిన స్థానికుల నేర్పు పుస్తకములలోని చదువుకన్న తక్కువ కాదని ఆయన గ్రహించెను. కేరళలో ఆయన కట్టిన చౌక ఇండ్లకు ఆ గ్రహింపే పునాది.

ఆశ్రమ పాఠశాలలో చదువు బాలికకు కంప్యూటరు తెలియును. ఆమె అవ్వకు ఇల్లు తెలియును. ఈ రెండు తెలివులును కలిసిననే మంచి పటము పుట్టును. బాలిక తెరమీద గీచిన పటమును ముద్రించి, పెరటిలో సున్నముతో నిజమైన కొలతలకు మరల గీయవలెను. అవ్వ నీటికుండతో ఆ గీతల నడుమ నడిచి, ఇచ్చట దారి చాలదని చెప్పినచో, తెరమీది గోడ జరుగవలెను. ఆమె మాటకు గోడ ఎంత సులభముగా జరుగునో, ఆ సాఫ్టువేరు అంత సులభమైనదని ఎంచదగును.