ప్లేట్‌లెట్లు తగ్గినంతమాత్రాన డెంగ్యూ కాదు

సంపాదకులవారికి,



బొప్పాయి ఆకు రసము త్రాగి ప్లేట్‌లెట్లు పెంచుకొనవచ్చునని తమ పత్రిక లేఖల శీర్షికలో ఇటీవల ఒక పాఠకులు వ్రాసినారు. వారి సదుద్దేశమును నేను శంకించుట లేదు. అయితే ఆ లేఖ వెలువడిన మరునాడే మా ఇంటికి మూడు సీసాల రసము వచ్చినది. ఒకటి మా మరదలు పంపినది, ఒకటి ఎదురింటివారిది, మూడవది ఎవరు పంపినారో ఇంతవరకు తెలియలేదు. కావున ఈ నాలుగు ముక్కలు వ్రాయవలసి వచ్చినది.

నేను బరంపురం వాస్తవ్యుడను. 1936 లో గంజాం ఒరిస్సా రాష్ట్రములో చేరుటకు ముందునుంచి మా కుటుంబము ఇక్కడనే ఉన్నది. మెట్రిక్ పాసయి తహసీలు కచేరీలో గుమాస్తాగా చేరి, పదవీ విరమణ చేసి ఐదేండ్లు దాటినది. ఉద్యోగము చివరి సంవత్సరమున, 2019 లో, గడ్డము గీసుకొనుచుండగా పడిన చిన్న గాటు మధ్యాహ్నమైనా ఆగలేదు. మోకాళ్ళ దిగువను ఆవగింజలంత ఎర్రచుక్కలు లేచినవి. దోమకాట్లనుకొన్నాము. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 11,000 మాత్రమే అని వచ్చినది. ఉండవలసినవి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు.

విశాఖపట్నంలోని డాక్టరుగారు ముందు ఆ కాగితమును నమ్మలేదు. ఒక్కొక్కప్పుడు గొట్టములోని రక్తములో ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కొని, యంత్రము తక్కువ లెక్క చూపునట. గాజుపలక మీద రక్తము పూసి, సూక్ష్మదర్శినిలో చూచి, నిజమే అన్నారు. కామెర్లు కలిగించే వైరస్ వంటి ఇతర కారణములు కూడ కావని తేలిన మీదట, ఇది ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా, పొట్టిగా ఐ.టి.పి. అని చెప్పినారు. దీనిని ఖాయము చేసే పరీక్ష విడిగా లేదు. అన్నీ కొట్టివేయగా మిగిలేది ఇది.

ఇంతకు జరిగేదేమనగా, రోగములనుండి మనలను కాపాడవలసిన ప్రతిరక్షకములు పొరపాటున మన ప్లేట్‌లెట్లనే శత్రువులని ముద్రవేయును. ముద్రపడిన వానిని ప్లీహము ఏరి పారవేయును. ఇది ఊహ కాదు. 1950 లో అమెరికాలోని సెంట్ లూయిస్ నగరమున విలియం హారింగ్టన్ అనే యువ వైద్యుడు ఈ జబ్బుగల రోగి రక్తమును తన ఒంటికే ఎక్కించుకొన్నాడు. కొన్ని గంటలలోనే ఆయన ప్లేట్‌లెట్లు దాదాపు అడుగంటినవి. కొన్ని రోజులకు తిరిగి కోలుకొన్నాడు. తప్పు రోగి రక్తద్రవములోనే ఉన్నదని ఆ సాహసమువలన తెలిసినది. అట్టి సాహసము మరెవ్వరును చేయకుందురు గాక.

ఈ సంగతి ఎందుకు చెప్పుచున్నాననగా, మా బంధువులందరి దృష్టిలో నాకున్నది రక్తలోపము. దానిమ్మ, బీటురూటు, ఖర్జూరము తింటే పోవునని వారి నమ్మకము. డెంగ్యూలో జ్వరము తగ్గే రోజులలో ప్లేట్‌లెట్లు పడిపోయి, కొద్ది రోజులలో వాటంతట అవే లేచును. ఆ లేచిన ఘనత, ఆ వారము ఏది త్రాగినామో దానికి కట్టబెట్టుట సులభము. నావి అట్లు లేవవు. "బావగారూ, తొమ్మిది రోజులు తాగి చూడండి, లక్ష దాటకపోతే నన్నడగండి" అని మా మరదలు అన్నందుకు మొదటి ఏడాది త్రాగి చూచినాను. వాంతులు తప్ప ప్లేట్‌లెట్లలో మార్పు లేదు. ఆమెను అడుగనూ లేదు.

మొదట ప్రెడ్నిసలోన్ మాత్రలు ఇచ్చినారు. లెక్క లేచినది, దానితోపాటు చక్కెర కూడ లేచినది. రాత్రి రెండు గంటలకు మెలకువ, తెల్లవారకముందే ఆకలి, ముఖము పూర్ణచంద్రుని వలె గుండ్రమైనది. పెన్షను బాగా ఒంటబట్టినట్లున్నదని వీధిలో అనేవారు. మాత్ర తగ్గించగా లెక్క మరల పడినది. ఇప్పుడు ఎల్‌ట్రాంబోపాగ్ అనే మాత్ర, పెన్షనులో పెద్ద వాటాయే దానికి పోవుచున్నది. దానికి పాలు పెరుగు గిట్టవు. మాత్ర వేసుకొన్న రెండు గంటల వరకు అవి ముట్టరాదు, అవి తిన్న నాలుగు గంటల వరకు మాత్ర వేసుకొనరాదు. అందుచేత తెల్లవారుజాము ఐదుకు మాత్ర, ఏడుకు కాఫీ. నలుబదేండ్లుగా ఐదున్నరకు కాఫీ త్రాగిన మా ఇంటావిడ ఇప్పుడు ఏడింటివరకు నాతోపాటు కాచుకొని ఉండును. వద్దన్నా వినదు.

ఇప్పుడు నా లెక్క నలుబది, ఏబది వేల మధ్య తిరుగుచున్నది. కచేరీ అలవాటు చొప్పున మొదట నెలనెలా ఒక రిజిస్టరులో ఎక్కించి, గీతలు గీసి చూచేవాడిని. జలుబు చేసినా పడును, లేచుటకు కారణము తెలియదు. డాక్టరుగారు ఆ రిజిస్టరు మూసివేయించినారు. ముప్పది వేలకు దిగినా, రక్తము కారినా చూచుకొందాము, అంకెను కాక మనిషిని చూడుమని వారి మాట. నోటిలో రక్తపు బొబ్బలు, నల్లని విరేచనము, ఎన్నడు లేని తలనొప్పి కనిపించిన యెడల మాత్రము రాత్రి పగలు చూడక ఆసుపత్రికి పోవలెను. మిగతా రోజులలో మెత్తని పళ్ళబ్రష్షు, బ్లేడుకు బదులు కరెంటు రేజరు. రెండేండ్ల కొకమారు వచ్చే ఠాకురాణి యాత్రను అరుగు మీదనుంచి చూచుట. చిన్ననాట ఆ జనములో భుజాలు రాసుకొని తిరిగినవాడిని, అరుగు కొంచెము కష్టముగానే ఉన్నది.

అసలు సంగతికి వచ్చుచున్నాను. రెండేండ్ల క్రిందట వానాకాలములో ఒక పెండ్లికి పోయి, మెట్టు తప్పి మోకాలు బెణికినది. దగ్గరి మందుల దుకాణములోని కుర్రవాడు ఏమియు అడుగకుండ రెండు నొప్పి మాత్రలు చేతిలో పెట్టినాడు. అవి డైక్లోఫెనాక్. నేనును ఏమియు అడుగకుండ మ్రింగినాను, తప్పులో సగము నాది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి ఉన్న కొద్ది ప్లేట్‌లెట్లను సైతము పనిచేయనీయవు. రాత్రి పదింటికి ముక్కునుండి కారిన రక్తము ఒంటిగంట వరకు ఆగలేదు. తీసికొనిపోయిన ఆసుపత్రిలో లెక్క 28,000 అని వచ్చినది. వానాకాలము గనుక డెంగ్యూ అని వ్రాసినారు. జ్వరము లేదు కదా అని అడుగగలవారు ఎవరూ లేరు. నా నోరు గుడ్డతో అదిమి ఉన్నది. అబ్బాయి బెంగుళూరులో ఉన్నాడు. మా ఇంటావిడ చదివేది తెలుగు, మాట్లాడే ఒడియా బజారు వరకే. నా కాగితాలన్నీ ఇంగ్లీషులో, ఇంటి బీరువాలో. పెండ్లికి వచ్చిన ఇద్దరు కుర్రవాళ్ళు రక్తమిచ్చినారు, రెండు సంచుల ప్లేట్‌లెట్లు ఎక్కించినారు. ప్రాణము మీదికి వచ్చిన రక్తస్రావములో తప్ప ఈ జబ్బులో అవి పెద్దగా నిలువవు, ఎక్కించినవానిని కూడ ప్లీహము ఏరివేయును. తెల్లవారి లెక్క చూడగా ఎక్కడి గొంగళి అక్కడనే. విశాఖ డాక్టరుగారు ఫోనులో దొరికిన తరువాత గాని సరియైన వైద్యము మొదలు కాలేదు.

ఆ మరుసటి వారము ఒక అట్టముక్క మీద తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటను వ్రాసి చొక్కా జేబులో పెట్టుకొన్నాను. జబ్బు పేరు, ఇది డెంగ్యూ కాదు, అంటదు, ఫలానా నొప్పి మాత్రలు ఇవ్వరాదు, నొప్పికి పారసిటమాల్ చాలును, డాక్టరును అడుగక పిరుదుకు ఇంజక్షను పొడవరాదు, డాక్టరుగారి ఫోను నెంబరు. తెలుగు వాక్యాలు డాక్టర్లకు కావు, మా ఇంటావిడకు. ఒడియా వాక్యాలు మా మనుమడు దిద్దినాడు. వాడు తెలుగు చదువలేడు. ఒకే ఇంట మూడు లిపులున్నచోట, ఒక్క లిపిలోని ఆసుపత్రి కాగితము ఇంటిల్లిపాదికి పనికిరాదని నాకు ఆ రాత్రి తెలిసినది.

బరంపురం, ఛత్రపురం, రాయగడ, జయపురములలోని తెలుగు సంఘాలు ఉగాదికి కాలెండర్లు వేయును. వాని వెనుక ఇట్టి చీటీకి స్థలము విడిచి, మూడు భాషలలో అచ్చు వేయించిన యెడల, నావంటివారికే గాక చక్కెరజబ్బు, మూర్ఛ, గుండెజబ్బు గలవారికి కూడ ఉపయోగించును. ఖర్చు వెనుకవైపు సిరా మాత్రమే. మందుల దుకాణదారులు కూడ నొప్పి మాత్ర ఇచ్చేముందు "రక్తము జబ్బేమైనా ఉన్నదా?" అని ఒక్కమాట అడుగవలెనని కోరుచున్నాను.

మా ఇంటికి వచ్చిన సీసాలు మూడును ఖాళీ చేసి కడిగి ఉంచినాము. పంపినవారు ఎప్పుడైనా వచ్చి తీసికొనవచ్చును. ఈ లేఖకు తమ పత్రికలో స్థలమీయ ప్రార్థన.

ఇట్లు,
విధేయుడు,
ఒక విశ్రాంత గుమాస్తా
బరంపురం