ఆఫ్ బటన్ ఎందుకు పెట్టేరంటే

ఈ నెల కారు గురించి రాస్తున్నాను. మనలో కారు ఉన్నవాళ్ళు తక్కువే గాని, మన పిల్లల్లో డ్రైవర్లు చాలామంది. అందుకని ఇది వాళ్ళకి చదివి వినిపించండి.

కిందటి వానల్లో మా అమ్మాయిని చూడ్డానికి కాశీపూర్ వెళ్ళేను. టికిరి స్టేషన్లో రైలు దిగేసరికి మనవడు బండి తెచ్చి నిలబడున్నాడు. వాడక్కడ ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రైవరు. ఇంజను బలం వెనక చక్రాలకి అందే పెద్ద బండి. వాన వెలిసి గంట కూడా కాలేదు.

దారిలో ఒకచోట కల్వర్టు పని జరుగుతోందని పక్కనుంచి మట్టిదారి వేసేరు. ఆ ఎర్రమట్టిలో బండి దిగబడింది. ఎంత తొక్కినా ఇంజను మూలుగుతోంది గాని కదల్లేదు. మనవడు డాష్‌బోర్డు మీద ఒక బటన్ నొక్కి పట్టేడు. పసుపు దీపం వెలిగింది. మళ్ళీ తొక్కేసరికి చక్రాలు గిర్రున తిరిగి, బురద ఎగజిమ్మి, బండి బయటపడింది.

"చూసేవా తాతా, ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ చేసేను" అన్నాడు.

తారురోడ్డు ఎక్కేం. దీపం ఇంకా వెలుగుతోంది. "మరి తిరిగి ఆన్ చెయ్యవా?" అనడిగితే నవ్వేడు. "రేసుకార్లవాళ్ళు ఆఫ్ చేసే తోల్తారు తాతా. వీడియోల్లో చూస్తున్నాం కదా. ఆన్‌లో ఉంటే పవరంతా తినేస్తుంది."

రెండు మలుపులు దాటేం. మూడోది ఎక్కుడు మలుపు. కొండమీది మట్టిని వాన రోడ్డు మీదకి తెచ్చి పరిచింది. మలుపు సగంలో ఉండగా వాడు యాక్సిలేటర్ గట్టిగా తొక్కేడు. బండి తోక పక్కకి జారిపోయింది. ముక్కు కొండవైపు, తోక లోయవైపు అడ్డం తిరిగి ఆగింది. దిగి చూస్తే వెనక చక్రానికీ రోడ్డు అంచుకీ మధ్య జానెడు. అప్పుడు ఎదర్నించి లారీ ఏదీ రాలేదు కాబట్టి ఈ రాత రాస్తున్నాను.

ఆ రాత్రి బండితో వచ్చిన పుస్తకం వాడిచేత చదివించేను. మర్నాడు మెకానిక్కుని అడిగేను. నాకు అర్థమైనది చెబుతాను.

మగ్గాల దగ్గర పనిచేసినవాళ్ళకి ఇది చప్పున బోధపడుతుంది. పడుగులో ప్రతి పోగుకీ ఒక పల్చటి ఇనప రేకు వేలాడుతుంది. పోగు తెగితే రేకు కిందపడుతుంది, మగ్గం దానంతటదే ఆగుతుంది. కారులోనూ అలాంటి కాపలాయే. నాలుగు చక్రాల దగ్గరా వేగం కొలిచే సెన్సర్లుంటాయి. వెనక చక్రం ముందు చక్రం కంటె మరీ వేగంగా తిరుగుతోందంటే, అది పట్టు తప్పి ఊరికే తిరుగుతోందని కంప్యూటరు గ్రహిస్తుంది. ఆ చక్రానికి బ్రేకు వేస్తుంది, ఇంజను బలం తగ్గిస్తుంది. అదే ట్రాక్షన్ కంట్రోల్. బురదలో ఇంజను మూలిగింది అందుకే.

స్టెబిలిటీ కంట్రోల్ దానికి పెద్దన్న. మనం స్టీరింగ్ ఎంత తిప్పేం, బండి నిజంగా ఎంత తిరుగుతోంది అని రెండూ పోల్చి చూస్తుంది. తోక జారుతుంటే మలుపుకి బయటివైపున్న ముందు చక్రానికి బ్రేకు వేస్తుంది. తిప్పినా తిరక్కుండా ముక్కు నేరుగా పోతుంటే లోపలివైపు వెనక చక్రానికి వేస్తుంది. మన కాలికింద ఉన్నది ఒక్క బ్రేకు పెడలే కదా. ఒక్క చక్రానికే బ్రేకు వెయ్యడం ఎంత పెద్ద డ్రైవరుకీ చేతకాదు. 1995లో జర్మనీ బాష్ కంపెనీవాళ్ళు మెర్సిడెస్ పెద్ద కార్లలో దీన్ని మొదట పెట్టేరు. 1997లో స్వీడన్‌లో మెర్సిడెస్ చిన్నకారు ఎ-క్లాస్‌ని పరీక్షిస్తుంటే, ఎదర అడ్డొచ్చినదాన్ని తప్పించబోయి బోల్తా పడింది. ఆ తరవాత ఆ చిన్నకారులో కూడా ఇది తప్పకుండా పెట్టేరు.

మరి రేసుకార్ల మాటేమిటి? వేగం కార్లలో దీనికి మోడ్‌లని మెట్లుంటాయి. ఫెరారీ 2004లో తెచ్చిన ఎఫ్430 కారుకి స్టీరింగ్ మీదే ఎర్ర మీట ఒకటి ఉంది, మనెట్టినో అంటారు. జారే రోడ్డుకి ఒక మెట్టు, స్పోర్ట్ ఒకటి, రేస్ ఒకటి, చివర ఆఫ్. జారే రోడ్డు మెట్టులో చక్రం కాస్త జారగానే కంప్యూటరు పట్టుకుంటుంది. స్పోర్ట్‌లో కొంచెం జారనిచ్చి పట్టుకుంటుంది. రేస్‌లో ఇంకా ఆలస్యంగా. ఆఫ్‌లో భారమంతా మనిషిదే. అది పొడి ట్రాక్ మీద, కొత్త టైర్లతో, ఎదర వాహనం రాని చోట తోలేవాడికోసం. వాడు జారితే పక్కన ఖాళీ జాగా ఉంటుంది. మనకి లోయ ఉంటుంది.

కోయంబత్తూరు మనలాంటివాళ్ళకి మిల్లుల ఊరుగానే తెలుసు. మన దేశంనుంచి ఫార్ములా వన్ రేసుల్లో తోలిన మొదటివాడు నారాయణ్ కార్తికేయన్‌ది ఆ ఊరే. 2005లో అతను జోర్డాన్ కారు తోలినప్పుడు ట్రాక్షన్ కంట్రోల్‌కి అనుమతి ఉంది. ఆ ఏడు అమెరికా రేసులో నాలుగో స్థానంలో వచ్చేడు. మళ్ళీ 2011, 2012లో తోలినప్పుడు అది లేదు, 2008 నుంచి ఆ రేసుల్లో దాన్ని నిషేధించేరు. ఎందుకూ? చెడ్డదని కాదు. కంప్యూటరే కాపాడేస్తుంటే డ్రైవరు పాదంలో నేర్పెంతో తెలియదని. అంటే అది అంత బాగా పనిచేస్తుందన్నమాట. మా మనవడు ఈ సంగతిని తలకిందులుగా అర్థం చేసుకున్నాడు.

వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. మిల్లులో నేనూ అదే పని చేసేను. మగ్గం ఊరికే ఆగిపోతే మీటర్లు తగ్గుతాయని ఆ రేకుల ఏర్పాటుని పనిచెయ్యకుండా కట్టేసేవాణ్ణి. పోగు తెగినా గుడ్డ నడిచిపోయేది. సాయంత్రానికి మీటర్లు ఎక్కువ, మర్నాడు డామేజీ కింద కూలిలో కోత. వాడికి ఇదే చెప్పేను. "మాకు పోయింది గుడ్డరా నాయనా. నువ్వు కట్టేసింది నీ ప్రాణానికి ఉన్న కాపలా."

పిల్లలూ, మీరు గుర్తుపెట్టుకోవలసినవి ఇవి. దీపం మిణుకుమిణుకుమంటే ఆ ఏర్పాటు పనిచేస్తోందని, రోడ్డు జారుతోందని అర్థం, కాలు తగ్గించండి. ఆఫ్ అని నిలకడగా వెలిగితే కాపలా లేదని అర్థం. చాలా బళ్ళలో ఒకసారి నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ ఒక్కటే పోతుంది, నొక్కి పట్టుకుంటే స్టెబిలిటీ కూడా పోతుంది. మీ బండి పుస్తకం చూసుకోండి. బురదలోనో ఇసకలోనో దిగబడితే ఆఫ్ చెయ్యండి, బటన్ ఉన్నది అందుకే. గట్టి రోడ్డు ఎక్కగానే మళ్ళీ ఆన్ చెయ్యండి.

ఇంకోటి. ఈ కంప్యూటరు ఉన్న పట్టుని సర్దుతుందే గాని లేని పట్టుని తేలేదు. వేగం రెండింతలైతే మలుపులో బండిని పట్టి ఉంచడానికి నాలుగింతల పట్టు కావాలి. అది ఇవ్వవలసింది టైరు. ఆ మర్నాడు చూస్తే మా వాడి వెనక టైర్లు రెండూ నున్నగా అరిగిపోయి ఉన్నాయి. "ఓనరుని అడిగితే వేరే డ్రైవరుని పెట్టుకుంటాడేమో తాతా" అన్నాడు. అడగమన్నాను. అడక్కపోతే ఏమవుతుందో ఆ జానెడు జాగా చూసేం కదా.

పది రోజులకి ఫోన్ చేసేడు. ఓనరు గొణిగేడట, రెండు టైర్లూ వేయించేడట. పని పోలేదు.